గుట్ట, గునుగు, గోనెసంచి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వానాకాలం దగ్గరపడుతోందంటే కాలనీ సంఘాలు, కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ దళాలు, ఊరి యువజన సంఘాల నుంచి ఉత్తరాలు పెరుగుతాయి. ఎన్ని మొక్కలు నాటాలి అని అడిగేవాళ్లే ఎక్కువ. నాటిన నెలకు, మరుసటి వేసవికి ఎవరొచ్చి చూస్తారో రాసేవాళ్లు తక్కువ. అందుకే ఈసారి ఆ "తర్వాత" సంగతి కదిపిన ప్రశ్నలనే ఎంచుకున్నాం.

మా ఊరి గుట్ట మీద తంగేడు దాదాపు కనుమరుగైంది. బతుకమ్మకు పక్క మండలం నుంచి తెచ్చిన కట్టలు కొనుక్కుంటున్నాం. గునుగు కూడా అంతే. మా మహిళా సంఘం పూనుకుంటే మళ్లీ తెప్పించగలమా?
— ఒక పాఠకురాలు, సిద్దిపేట జిల్లా

తెప్పించవచ్చు. గుట్టకు తంగేడును మళ్లీ తేవడం వేరే చాలా చెట్లకంటే తేలిక. మేకలు దాన్ని పెద్దగా ముట్టవు, నీళ్లు మోయనక్కర్లేదు, రాళ్ల నేలా మొరం నేలా దానికి ఇష్టం. దానికి పడనిది నీడ ఒక్కటే. గుట్టను సర్కారు తుమ్మ కమ్మేసి ఉంటే మీ తంగేడు పోయిందందుకే. ముందు ఎండ తగిలే జాగా చూసుకోండి.

పండుగ అయ్యాక పూలు కాయలుగా మారి, సంక్రాంతి దాటాక పలచటి గోధుమరంగు కాయలు గలగలమంటాయి. అప్పుడు కోయండి. ఒకే పొద నుంచి సంచెడు కోసే బదులు ఇరవై ముప్పై పొదల నుంచి గుప్పెడు చొప్పున తీసుకోవాలి. ఒక తల్లి పిల్లలే గుట్టంతా ఉంటే ఆ తల్లికున్న బలహీనతే గుట్టంతటికీ వస్తుంది. కాయ మీద సూదిమొన అంత రంధ్రాలుంటే లోపల పురుగు గింజను తినేసినట్టే, పారేయండి. మంచి గింజల్ని ఆరబెట్టి, కట్టెల బూడిద కలిపి డబ్బాలో దాచండి.

తంగేడు గింజకు పైతోలు గట్టి. అలాగే చల్లితే కొన్నే మొలుస్తాయి, మిగతావి నేలలో ఏళ్లతరబడి పడుంటాయి. నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించి, రెండు నిమిషాలు ఆగి గింజల మీద పోయండి. గింజలకు నాలుగింతల నీళ్లుండాలి. పొయ్యి మీదే గింజలు వేసి ఉడికిస్తే మాత్రం చచ్చిపోతాయి. రాత్రంతా నాననిచ్చి, ఉబ్బిన గింజల్ని తెల్లారి విత్తండి. ఉబ్బనివాటికి మరోసారి వేణ్నీళ్లు.

విత్తడం మృగశిర కార్తెలో తొలి చినుకుకే వద్దు. నేల జానెడు లోతు తడిశాకే. గునపంతో నాలుగు వేళ్ల లోతు గుల్లచేసి, గుంటకు మూడు నాలుగు గింజలు, గోరు మందం మట్టి కప్పితే చాలు. గుంటకూ గుంటకూ ఐదడుగులు. వారం నుంచి రెండు వారాల్లో మొలకొస్తుంది. ఆ మొదటి వానాకాలం చుట్టూ గడ్డి తీసే పని తప్పనిసరి. రెండో ఏటికి పూత చూస్తారు. ఆ ఏడు కోయకుండా వదిలేయండి. తర్వాత కూడా కొమ్మను చీల్చి లాగకుండా కొడవలితో కోసి, ప్రతి పొదలో మూడోవంతు పూత కాయకు వదలాలి.

గునుగు సంగతి వేరు. అది ఏడాది మొక్క, ప్రతి ఏడూ గింజ నుంచే రావాలి. ఎండిన కంకిని అరచేతిలో నలిపితే నల్లగా మెరిసే సన్న గింజలు రాలతాయి. ఒక వంతు గింజకు పది వంతుల ఇసుక కలిపి, గీరిన నేల మీద చల్లండి, మట్టి కప్పొద్దు. కానీ జొన్న, కంది చేల పక్కన చల్లేముందు ఆ రైతుల్ని అడగండి. మనకు పండుగ పువ్వు వాళ్లకు కలుపు మొక్క. కలుపుమందులు వచ్చాక చేలగట్ల మీద గునుగు తగ్గింది, రైతును తప్పుపట్టి లాభం లేదు. గుట్ట, చెరువు శిఖం, బడి వెనక ఖాళీ జాగా దానికి సరిపోతాయి.

మూడెకరాల పంచాయతీ జాగాలో సర్కారు తుమ్మను జేసీబీతో తీయించాం. ఒక వానాకాలం గడిచేసరికి ముందుకంటే దట్టంగా వచ్చింది. డబ్బు దండగైంది. ఎక్కడ తప్పు జరిగింది?
— యువజన సంఘం, నల్లగొండ జిల్లా

ఈ చెట్టు 1870లలో జమైకా నుంచి గింజల రూపంలో మన కడప జిల్లా కమలాపురం వైపు వచ్చింది, వంటచెరకు కొరత తీర్చడానికి. నరికినకొద్దీ రావడమే దాని గుణం, అప్పట్లో దాన్ని ఎంచుకున్నదీ అందుకే.

మొగ్గలు దాక్కునే చోటు నేల మట్టం నుంచి అడుగు లోతు వరకు ఉండే మోడు భాగంలో ఉంటుంది. జేసీబీ పళ్లు చెట్టును పెకలించేటప్పుడు చాలాసార్లు ఆ భాగాన్ని విరిచి లోపలే వదిలేస్తాయి. ఒక కాండం ఉన్నచోట ఎనిమిది పిలకలొస్తాయి. రెండోది, తిరగేసిన మట్టిలో ఏళ్లనాటి గింజలు పైకొచ్చాయి. మూడోది, కాయలు తియ్యగా ఉంటాయి కాబట్టి పశువులు తింటాయి, గింజలు అరక్కుండా పేడలో పడతాయి, ఎరువుతో సహా నాటినట్టే.

ఇప్పుడు చేయాల్సింది ఇది. మూడెకరాలూ ఒకేసారి ముట్టుకోవద్దు. పాతికమంది ఏడాది పొడవునా వెనక్కి వచ్చి చూసుకోగలిగింది పావెకరం, మహా అయితే అరెకరం. ఆ ముక్కనే తీసుకోండి. పిలకలు వేలు లావు లోపు ఉంటే పెద్ద వాన పడ్డ మర్నాడు లాగితే వేరుతో వస్తాయి, నేల ఆరాక అదే మొక్క మధ్యలో తెగుతుంది. పెద్దవాటిని మోకాలెత్తులో కొట్టి (పట్టుకోవడానికి పిడిలా ఉంటుంది), మోడు చుట్టూ అడుగు పైన లోతు తవ్వి, మొగ్గ భాగం కింద తల్లివేరును గొడ్డలితో నరికి బయటికి తీయండి. మిగిలిన కింది వేరు మొలవదు. తర్వాత మొదటి ఏడాది నలభై ఐదు రోజులకోసారి, రెండో ఏడాది మూడు నెలలకోసారి ఒక చుట్టు తిరగాలి. ఈ చుట్టు మానేస్తే చేసిందంతా పోతుంది.

కాయలు పసుపు తిరగకముందే పని పెట్టుకోండి. కొట్టిన కంపను కొత్త మొక్కల చుట్టూ కంచెగా వాడుకోవచ్చు, ఒక్క కాయ కూడా లేకుండా దులిపాకే. ముల్లు రబ్బరు చెప్పును దాటి పాదంలో దిగుతుంది, విరిగి లోపలే ఉండిపోతే చీము పడుతుంది. మందపు అడుగు బూట్లు, తోలు చేతితొడుగులు, టెటనస్ టీకా లేనివాళ్లను కంప దగ్గరికి రానివ్వకండి.

రెండు హెచ్చరికలు. జాగా పంచాయతీదైనా చెట్లు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలా అని అటవీ రేంజ్ ఆఫీసులో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఆ జాగా రిజర్వు అడవి హద్దులో ఉంటే అనుమతి లేకుండా పుల్ల కూడా ముట్టొద్దు. ఇక ఆ తుమ్మను వంటచెరకుకూ బొగ్గుకూ కొట్టుకునే కుటుంబాలు మీ ఊళ్లో ఉండే ఉంటాయి. వాళ్లతో మాట్లాడి, కలప వాళ్లకే ఇస్తామంటే సగం పని వాళ్లే చేస్తారు.

నర్సరీ నుంచి ఉచితంగా కోనోకార్పస్, గుల్‌మొహర్, నిద్రగన్నేరు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? లేకపోతే ఏం నాటాలి?
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, అనంతపురం

వీధి నీడకు గుల్‌మొహర్, నిద్రగన్నేరు ఫర్వాలేదు. ఆవాసం పునరుద్ధరణ అనే పేరుతో మాత్రం వద్దు. గుల్‌మొహర్‌ది మడగాస్కర్, నిద్రగన్నేరుది అమెరికా ఖండం. కోనోకార్పస్ అసలే వద్దు. అది అమెరికా తీరపు మడ నేలల చెట్టు, వేర్లు తేమ వెతుక్కుంటూ పైపులైన్ల దాకా పోతాయి. తెలంగాణలో హరితహారంలో దాన్ని నాటడం ఆపేశారు కూడా. సీతాఫలం మన గుట్టల మీద ఎంత సొంతంగా కనిపించినా అదీ అమెరికా నుంచి వచ్చిందే. ఉన్నవాటిని కొట్టనక్కర్లేదు, కొత్తగా నాటనూ అక్కర్లేదు.

రాళ్లు తేలిన ఎర్ర నేలకు నారేప, బిల్లుడు, చండ్ర, రేల, వెలగ. వాటి కింద బలుసు, బందారు, కలివి పొదలు. ఈ పొదల్ని జనం మరిచిపోతారు కానీ పిట్టలు గూడు కట్టేది, తొండలు తలదాచుకునేది వాటిలోనే. నల్లరేగడికి నల్లతుమ్మ, తెల్లతుమ్మ, జమ్మి, రేగు. వాగు ఒడ్డుకు తెల్లమద్ది, కానుగ, నేరేడు. చెరువు కట్ట మీద మాత్రం పెద్ద చెట్లు పెట్టొద్దు. చెట్టు చచ్చి వేరు కుళ్లాక మిగిలే సొరంగం గుండా కట్ట కారుతుంది.

మీది అనంతపురం కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. బోడిగా కనిపించే గడ్డి నేలంతా చెట్లకోసం ఎదురుచూస్తున్న నేల కాదు. బట్టమేక పిట్టకోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డిమైదానమే. ఆ పిట్టకు, భరత పక్షికి, నక్కకు, కృష్ణజింకకు దూరం కనిపించే చోటు కావాలి. అలాంటి నేలలో వరసగా గుంతలు తవ్వి మొక్కలు పెట్టడం ఆవాసాన్ని చెరపడమే. అక్కడ స్వచ్ఛంద సేవ అంటే సర్కారు తుమ్మ పిలకలు పీకడం, మొరం తవ్వకాన్ని ఆపించడం, అంతే. జాగాకు వంద అడుగుల దూరంలో నిలబడి చూడండి. పాత చెట్టు మోడు గానీ, పొద గానీ ఎక్కడా లేక నాలుగైదు రకాల గడ్డి మాత్రమే ఉంటే గునపం కింద పెట్టండి.

నిరుడు మా బడి పిల్లలు వేల సీడ్ బాల్స్ చేసి గుట్ట మీద విసిరారు. ఒక్కటీ మొలిచినట్టు లేదు.
— ప్రధానోపాధ్యాయురాలు, చిత్తూరు జిల్లా

మొలిచినవి ఎండి ఉంటాయి, మొలవనివి మొలవలేనివి అయ్యుంటాయి.

వేప గింజ రాలిన రెండు మూడు వారాల్లో విత్తాలి. నేరేడు, ఇప్ప కూడా అంతే. నిరుటి వేపగింజల్ని మార్చిలో బంతుల్లో పెడితే అవి అప్పటికే చచ్చినవి. రేల, తుమ్మ గింజలు ఏళ్లకొద్దీ దాచినా చెడవు కానీ తోలు చీల్చకపోతే మొలవవు. రేలకు వేణ్నీళ్ల కంటే నమ్మకమైన మార్గం గోళ్లు తీసే కట్టర్‌తో గింజ అంచున చిన్న గాటు పెట్టి రాత్రంతా నానబెట్టడం. ఈ గాటు పిల్లలకు భలే పని. అయితే మొనగా ఉన్న వైపు కాకుండా గుండ్రంగా ఉన్న వైపు పెట్టమనండి, మొలక భాగం మొనవైపు ఉంటుంది. మర్రి, రావి, మేడి గింజలు బంతిలో పెట్టినా వృథాయే, వాటికి నర్సరీయే దిక్కు.

నానబెట్టిన గింజను బంతిలో పెట్టడం ఇంకో తప్పు. బంతిలోనే మొలిచి ఎండిపోతుంది. నల్లరేగడితో చేసిన బంతి ఎండితే గులకరాయే. చేసినవాటిలో నాలుగు తీసి గ్లాసు నీళ్లలో వేయండి, తెల్లారేసరికి కరిగి పొడి కావాలి. కాకపోతే ఎర్రమట్టీ, చివికిన పశువుల ఎరువూ పాళ్లు పెంచండి. మూడు వంతుల ఎర్రమట్టికి ఒక వంతు ఎరువు సరిపోతుంది, బంతి నిమ్మకాయకంటే చిన్నదిగా ఉండాలి.

మా అభిప్రాయం అడిగితే, విసరడం మానేసి కూర్చుని నాటండి. వాన పడ్డాక ఒక్కొక్కరికి పాతిక గింజలు, ఒక పుల్ల. గింజ మందానికి రెండింతల లోతులో, ఏదైనా ముళ్లపొద అంచున గుచ్చాలి. మేక నోరు అక్కడికి చేరదు, పొద నీడ మొదటి ఎండాకాలం కాపాడుతుంది.

గుంతలు, నీళ్లు, నాటే పద్ధతి కొంచెం కొలతలతో చెప్పండి. నాటడం అయ్యాక అక్కడ పడి ఉన్న నల్ల కవర్లను ఏం చేయాలో కూడా.
— కాలేజీ విద్యార్థి, వరంగల్

గుంతలు మే నెలలోనే తీయాలి, అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు. పై మట్టిని ఒక పక్క, కింది మట్టిని ఇంకో పక్క పోయండి. నాటేటప్పుడు పై మట్టి వేరు దగ్గరికి పోవాలి. మృగశిర తర్వాత రెండో గట్టి వానకు మొదలుపెట్టి పునర్వసు కార్తె లోపు ముగించండి. ఆగస్టు చివర్లో నాటిన మొక్కకు వేరు దిగే వ్యవధి ఉండదు, జనవరికే వాడుతుంది.

కవర్ అడుగున వేరు చుట్టలు చుట్టి ఉంటుంది. అడుగు నుంచి అర అంగుళం బ్లేడుతో కోసేసి, కవర్‌ను నిలువుగా చీల్చి తీయండి. ఆ చుట్టను అలాగే పాతితే మొక్క రెండు మూడేళ్లు బాగానే పెరిగి, గాలివానకు మొదలుతో పడిపోతుంది. కవర్‌తో సహా పాతినవీ కనిపిస్తుంటాయి, తొందరలో పని చేసే పెద్ద గుంపుల్లో ముఖ్యంగా. దానికి మందు లెక్క: ఎన్ని మొక్కలు తెచ్చారో అన్ని కవర్లు సంచిలోకి రావాలి. వంద మొక్కలకు తొంభై కవర్లే వస్తే పది మొక్కలు తిరిగి తవ్వాలి.

నీళ్లు జనవరి నుంచి వానలొచ్చేదాకా పది రోజులకోసారి పది లీటర్లు. రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే ఉండిపోతుంది. పాదులో నాలుగు వేళ్ల మందం ఎండుగడ్డి కప్పండి, మొదలుకు మాత్రం తగలకుండా, చెదలు పడతాయి. ఈ లెక్కన రెండు వందల మొక్కలకు ప్రతి పది రోజులకూ రెండు వేల లీటర్లు. ట్యాంకర్ ఎక్కడి నుంచి వస్తుందో తేలాకే గుంతల సంఖ్య తేల్చండి. హోలీ లోపు జాగా చుట్టూ పదడుగుల వెడల్పున గడ్డి చెక్కేయాలి, లేకుంటే ఒక బీడీ ముక్క చాలు.

కవర్లను పాత సామాన్ల కొట్టులో తీసుకోరని అంటారు. మట్టితో ఉంటే తీసుకోరు. రెండ్రోజులు ఎండబెట్టి, రెండింటిని కలిపి దులిపితే మట్టి రాలుతుంది. కడగనక్కర్లేదు. నల్ల కవర్లను వేరే రంగువాటితో కలపకుండా గోనెసంచిలో నింపి ఇవ్వండి. ధర తక్కువే, కానీ గుట్ట మీద ఉండదు. చిరగనివి నర్సరీకే తిరిగి ఇవ్వవచ్చు.

మా అపార్ట్‌మెంట్‌లో పొడి చెత్త వేరుగా పోగుచేస్తున్నాం. పాత సామాన్ల అతను కొన్నే ఏరుకుని మిగతాది వదిలేస్తున్నాడు. సెల్లార్ నిండిపోయింది, ఇళ్లవాళ్లు విసుక్కుంటున్నారు.
— సంఘం కార్యదర్శి, విజయవాడ

మీరు పోగుచేయడం ముందు మొదలుపెట్టి కొనేవాణ్ని తర్వాత వెతికారు. తలకిందులు చేయండి. మొదట అతన్ని పిలిచి టీ ఇచ్చి, ఏవి కొంటాడు, ఎంత పోగైతే వస్తాడు, ఎలా ఉంటే ధర పడిపోతుంది అని అడగండి. ఆ జవాబు ప్రకారమే సంచులు పెట్టండి.

మామూలుగా ఐదు సంచులు సరిపోతాయి. న్యూస్‌పేపర్ ఒకటి, అట్టపెట్టెలు ఒకటి (ఈ రెండూ కలిస్తే అట్ట ధరే ఇస్తాడు), నీళ్ల సీసాలు ఒకటి, గట్టి ప్లాస్టిక్ ఒకటి, పాల ప్యాకెట్లు ఒకటి. లీటరు నీళ్ల సీసా పాతిక గ్రాముల లోపే తూగుతుంది, కిలోకు నలభై యాభై సీసాలు కావాలి. మూత తీసి, నలిపి, మళ్లీ మూత పెట్టకపోతే సంచిలో సగం గాలే. గట్టి ప్లాస్టిక్‌లో ఏది ఏదో తెలియకపోతే చిన్న ముక్క కోసి నీళ్లలో వేయండి. షాంపూ డబ్బా, బకెట్, మూతల ప్లాస్టిక్ తేలుతుంది, నీళ్ల సీసాది మునుగుతుంది.

పాల ప్యాకెట్ దగ్గర అందరూ చేసే పొరపాటు మూల కత్తిరించి పారేయడం. ఆ గోరంత ముక్క ఏ సంచిలోకీ చేరదు, కాలవలోకి చేరుతుంది. మూలను పూర్తిగా తెంపకుండా గాటు మాత్రం పెట్టి పాలు వంచుకోవాలి. తర్వాత ఒక చెంబు నీళ్లతో తొలిచి, తలకిందులుగా ఆరేయాలి. ఆ నీళ్లు మొక్కలకు పోయొచ్చు. కడగని ప్యాకెట్లు మూడో రోజుకే కంపు కొడతాయి, మీ ఇళ్లవాళ్ల విసుగుకు సగం కారణం అదే అయ్యుంటుంది.

చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్ రేపర్లు వెండి పూత ఉన్నవి కొట్టువాడు కొనడు. అవి విడిగా గట్టి సంచిలో నింపి, మున్సిపాలిటీ పొడి చెత్త కేంద్రానికి ఇవ్వండి. అక్కడ నుంచి సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలకు పోతాయి. మాత్రల అట్టలు, థర్మోకోల్, నూనె అంటిన కాగితం అసలు పోగుచేయకండి. డైపర్లు, ప్యాడ్లు పేపర్లో చుట్టి గుర్తుపెట్టి విడిగా. 2016 నాటి చెత్త నిబంధనలు తడి, పొడి, ప్రమాదకరం అని మూడుగా వేరుచేయమన్నాయి, 2026 ఏప్రిల్ నుంచి వాటి స్థానంలో వచ్చినవి నాలుగుగా చేయమంటున్నాయి. బల్బులు, బ్యాటరీలు తడిలోనూ పొడిలోనూ కలపకుండా విడిగా పెట్టండి. 120 మైక్రాన్లకంటే పలచటి సంచులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం కాబట్టి అవి ఎవరైనా తెస్తే ఏ షాపు ఇచ్చిందో అడగడం మంచిది.

ఇంకొకటి. వచ్చిన డబ్బు సంఘం ఖాతాలో వేయకుండా వేరుచేసే పనివాళ్లకే ఇవ్వండి. సంచులు కలవకుండా చూసేది వాళ్లే.

వయ్యారిభామ పీకిన తర్వాత చేతులంతా దద్దుర్లు. పీకకుండా ఉప్పునీళ్లు చల్లితే పోతుందా?
— పాఠకుడు, నిజామాబాద్

ఉప్పునీళ్లు ఆకుల్ని మాడుస్తాయి నిజమే, ఆ ఉప్పు నేలలోనే ఉంటుంది, అక్కడ ఇంకేదీ రాదు. బాటల పక్కన తప్ప వద్దు. పూత రాకముందు, వాన తర్వాత వేరుతో పీకాలి. మోచేతుల దాకా తొడుగులు, పూర్తి చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ. ఆస్తమా ఉన్నవాళ్లు, పిల్లలు రావద్దు. పూయనివాటిని కంపోస్టులో వేయవచ్చు, పూసినవాటిని వేస్తే ఆ ఎరువు పడ్డ ప్రతిచోటా మళ్లీ అదే. వానాకాలంలో ఆకుల మీద నల్లచారలున్న తెల్లటి పురుగు కనిపిస్తే చంపకండి, అది ఈ మొక్కను తినడానికి మెక్సికో నుంచి తెప్పించి 1984లో వదిలిన పెంకుపురుగు. దద్దుర్లు రెండు రోజుల్లో తగ్గకపోతే చర్మ వైద్యుడికి చూపించుకోండి. తగ్గినా ఈ పనికి మళ్లీ వెళ్లకండి, తాకినకొద్దీ ఎక్కువయ్యే రకం ఇది. నీళ్లు మోసే పని తీసుకోండి.